గోడ దాటితే ఔట్: దారి తప్పిన బంతికి బాధ్యుడెవరు?

ఈ ఎపిసోడ్‌ని ఒక గల్లీ రూల్‌తో మొదలుపెడదాం.

నేను పెరిగింది కోదాడలో. ఎండాకాలం సెలవులు మిర్యాలగూడలో, మా మేనమామ వాళ్లింట్లో. బీటెక్ సూర్యాపేట దగ్గర. మూడు ఊళ్లలోనూ చదువు కంటే క్రికెట్టే ఎక్కువ చేశాను. మిర్యాలగూడలో బంతి రైస్ మిల్లు కాంపౌండ్‌లో పడితే వాచ్‌మన్‌ని బతిమాలాలి. సూర్యాపేటలో హాస్టల్ వెనక ముళ్లకంపలో పడితే చెయ్యి గీరుకుపోవాల్సిందే. కోదాడలో మా గల్లీ చివర గాజు పెంకులు గుచ్చిన గోడ ఒకటి ఉండేది. దాని అవతల పడితే ఇక తిట్లే. ఊళ్లు మారాయి, గ్రౌండ్లు మారాయి కానీ రెండు రూల్స్ మాత్రం ఎక్కడా మారలేదు. ఒకటి, 'కొట్టినోడే తేవాలె'. రెండు, 'డైరెక్ట్‌గా గోడ దాటితే ఔట్'.

అసలు క్రికెట్‌లో బంతి గాల్లోనే బౌండరీ దాటితే ఆరు పరుగులు, జనం చప్పట్లు. మన గల్లీలో అదే షాట్‌కి బ్యాట్ పక్కనోడికి ఇచ్చేసి, తలవంచుకుని గోడ ఎక్కాలి. ఈ రూల్ ఎందుకు వచ్చిందని ఎప్పుడైనా ఆలోచించారా? నేను చాలా ఏళ్లు ఆలోచించలేదు. ఆ గోడ అవతల ఒక రోజు ఏం జరిగిందో చివర్లో చెప్తాను. ముందు ఈ ప్రశ్నకి వందేళ్ల చరిత్ర ఉంది, అది చూద్దాం. ఆట స్థలంలోంచి బయటికి పోయిన బంతి ఎవరికైనా తగిలితే బాధ్యత ఎవరిది? కొట్టినోడిదా? గ్రౌండ్ పెట్టినోళ్లదా? అక్కడ నిలబడ్డవాళ్లదా?

ఈ ప్రశ్న నా బుర్రలోకి క్రికెట్ వల్ల రాలేదు, గోల్ఫ్ వల్ల వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి టీమ్ అంతా కలిసి హైదరాబాద్‌లో గోల్ఫ్ నేర్చుకోవడానికి వెళ్లాం. కర్ర ఎలా పట్టుకోవాలో చెప్తారనుకున్నా. కోచ్ మొదట నేర్పింది అది కాదు. 'బంతి మనుషుల వైపు పోతోందనిపిస్తే గొంతు చించుకుని ఫోర్ అని అరవాలి. ఎవరైనా ఫోర్ అని అరిస్తే అటు తిరిగి చూడకూడదు. తల దాచుకోవాలి.' అంతే, అదే మొదటి పాఠం. ఆట నేర్పడానికి ముందు, ఆట తప్పితే ఏం చేయాలో నేర్పారు. మన గల్లీలో 'సారీ అంకుల్' అనేది తర్వాత మాట. ఇది ముందు మాట.

ఎందుకంత భయం? బంతి చూస్తే చిన్నదే. రూల్ ప్రకారం గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు దాటకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మనం ఆడే టెన్నిస్ బాల్ కంటే తేలిక. కానీ పెద్ద ప్రొఫెషనల్స్ డ్రైవర్ కర్రతో కొడితే ఆ బంతి గంటకు సుమారు 270 కిలోమీటర్ల వేగంతో బయల్దేరుతుంది. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుందా? బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. లెక్క వేస్తే సుమారు 130 జౌళ్లు వస్తుంది. 160 గ్రాముల క్రికెట్ బంతిని ఫాస్ట్ బౌలర్ 140 కిలోమీటర్ల వేగంతో వేస్తే వచ్చేది సుమారు 120 జౌళ్లు. అంటే బంతి కర్రని వదిలిన క్షణంలో ఈ చిన్న బంతి దెబ్బ ఫాస్ట్ బౌలర్ బంతికి ఏమీ తీసిపోదు. గాల్లో పోయేకొద్దీ వేగం తగ్గుతుంది, నిజమే. కానీ హెల్మెట్ పెట్టుకోని మనిషికి మిగిలిన వేగం కూడా చాలు. పైగా దాని సైజు దాదాపు మన కంటి గుంత అంత ఉంటుంది. అందుకే గోల్ఫ్ ప్రమాదాల్లో కన్ను పోయిన కథలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

2018లో పారిస్ దగ్గర రైడర్ కప్ జరిగింది. యూరప్, అమెరికా జట్లు తలపడే పెద్ద పోటీ అది. అమెరికా ఆటగాడు బ్రూక్స్ కెప్కా ఆరో హోల్‌లో కొట్టిన మొదటి షాట్ దారి తప్పి జనంలోకి పోయింది. చూడ్డానికి వచ్చిన ఒక మహిళ కుడి కన్ను చూపు కోల్పోయింది. ఫోర్ అని అరిచామని నిర్వాహకులు అన్నారు. తనకు హెచ్చరిక రాలేదని ఆమె అంది. ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్లలో ఒకడు కొట్టిన షాట్ అది. కాబట్టి 'ఆట రానోడు కొడితేనే ప్రమాదం' అనే మాట ఇక్కడే వదిలేద్దాం.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. దారి తప్పిన బంతి అంటే ఎటు పోతుందో ఎవరికీ తెలియని బంతి అనుకుంటాం. అది సగమే నిజం. ఒక్క బంతి ఎటు పోతుందో తెలియదు. కానీ వెయ్యి బంతులు ఎటు పోతాయో తెలుసు. కుడిచేతి వాటం ఆటగాళ్లలో కొత్తవాళ్లు కొట్టిన షాట్ ఎక్కువగా కుడివైపుకే వంగుతుంది. కర్ర ముఖం కొంచెం తెరుచుకుని తగలడం వల్ల బంతికి అడ్డంగా స్పిన్ వస్తుంది, గాలి దాన్ని పక్కకి నెడుతుంది. దీన్నే స్లైస్ అంటారు. లోకంలో ఎక్కువ మంది కుడిచేతి వాటం వాళ్లే. కాబట్టి హోల్‌కి కుడిపక్కనే రోడ్డు ఉంటే ఏదో ఒక రోజు బంతి ఆ రోడ్డు మీద పడుతుంది. ఏ రోజు, ఎవరు కొట్టింది అన్నది మాత్రమే తెలియదు.

సరిగ్గా ఇదే పాయింట్ మీద నూరేళ్ల కిందట ఇంగ్లాండ్‌లో ఒక తీర్పు వచ్చింది. కెంట్ ప్రాంతంలో సెయింట్ అగస్టీన్స్ అనే గోల్ఫ్ కోర్స్ ఉంది. దాని 13వ హోల్ శాండ్‌విచ్ అనే ఊరికి పోయే రోడ్డు పక్కనే ఉండేది. ఆ హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు నుంచి బంతులు రోడ్డు మీదికి వంగి రావడం అక్కడ మామూలే. ఒక రోజు ఆ దారిలో టాక్సీ నడుపుకుంటూ పోతున్న డ్రైవర్ ముందున్న అద్దానికి బంతి తగిలి, పగిలిన గాజు ముక్క కంట్లో గుచ్చుకుంది. కన్ను పోయింది. అతను కేసు వేశాడు, 1922లో గెలిచాడు. కోర్టు 'ఆ రోజు ఆ షాట్ ఎంత చెత్తగా కొట్టారు' అన్న దగ్గర ఆగలేదు. ఆ హోల్‌ని అక్కడ పెట్టడమే పబ్లిక్ న్యూసెన్స్ అంది. తప్పు కర్రలో మాత్రమే లేదు, మ్యాప్‌లో ఉంది అన్నమాట. టాక్సీ డ్రైవర్ గోల్ఫ్ చూడ్డానికి రాలేదు, ఆడ్డానికి రాలేదు. తన పని మీద తను రోడ్డు మీద పోతున్నాడు. అతను జాగ్రత్తపడాలని ఎవరు అనగలరు?

ఈ తీర్పు వింటే సింపుల్‌గా ఉంది కదా, గ్రౌండ్ పెట్టినోళ్లదే బాధ్యత అని. ఆగండి. పాతికేళ్ల తర్వాత కథ అడ్డం తిరిగింది.

1947 ఆగస్టు 9. మనకి స్వాతంత్ర్యం ఇంకో ఆరు రోజుల్లో రాబోతోంది. మాంచెస్టర్‌లోని చీథమ్‌లో క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది. అవతలి జట్టు బ్యాటర్ ఒక సిక్స్ కొట్టాడు. బంతి ఫెన్సింగ్ దాటి, సుమారు 100 గజాల దూరంలో తన ఇంటి బయట రోడ్డు మీద నిలబడ్డ మహిళకి తగిలింది. ఆమె కేసు వేసింది. ఎవరి మీద? కొట్టిన బ్యాటర్ మీద కాదు, క్లబ్ మీద. కింది కోర్టులో ఓడింది, అప్పీల్ కోర్టులో గెలిచింది, చివరికి 1951లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడిపోయింది. ఈ కేసు పేరు బోల్టన్ వర్సెస్ స్టోన్. లా చదివే ప్రతి స్టూడెంట్‌కీ ఇది తెలుసు.

ఎందుకు ఓడింది? ఒక లెక్క వల్ల. ఆ గ్రౌండ్ నుంచి బంతి ఫెన్సింగ్ దాటి ఆ రోడ్డు మీద పడింది సుమారు 30 ఏళ్లలో 6 సార్లు. స్థలం వాలు వల్ల ఫెన్సింగ్ పై అంచు పిచ్ కంటే 17 అడుగుల ఎత్తులో ఉంది. అంత ఎత్తు దాటి, అంత దూరం పోయి, ఖాళీగా ఉండే రోడ్డు మీద సరిగ్గా ఒక మనిషికి తగిలే అవకాశం చాలా తక్కువ కాబట్టి క్లబ్ నిర్లక్ష్యం చేసిందని అనలేమని తీర్పు.

అన్యాయం అనిపిస్తోందా? నాకూ అనిపించింది. దెబ్బ తగిలింది నిజం, ఆమె తప్పు లేదు, అయినా పరిహారం లేదు. కానీ అదే తీర్పులో లార్డ్ రీడ్ అనే జడ్జి చెప్పిన ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. ప్రమాదం చెప్పుకోదగ్గంత ఉంటే, జాగ్రత్తలకి ఖర్చు ఎక్కువవుతుందని తప్పించుకోలేరు, అక్కడ ఆట ఆడకుండా ఉండాల్సిందే అన్నాడాయన. అంటే 30 ఏళ్లలో 6 సార్లు కాబట్టి క్లబ్ బతికింది. నెలకి 6 సార్లు అయ్యుంటే తీర్పు వేరేగా ఉండేది.

ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూడండి. గోల్ఫ్ కోర్స్ ఓడింది, క్రికెట్ క్లబ్ గెలిచింది. తేడా ఆటలో లేదు, గాయంలో లేదు. అంతకుముందు ఎన్నిసార్లు పోయింది, ఆ సంగతి వాళ్లకి తెలుసా అన్న దాంట్లో ఉంది. నేను కోడ్ రాసే రోజుల్లో సర్వర్ పడిపోతే మేనేజర్ మొదట అడిగేది 'ఇది ఫస్ట్ టైమా?' అని. లాగ్ తీసి చూస్తే గత వారం నుంచి రోజూ వార్నింగ్ వస్తూనే ఉంటుంది. అప్పుడది యాక్సిడెంట్ కాదు, మనం పట్టించుకోని వార్నింగ్. కోర్టులు చేసింది కూడా అంతే, లాగ్ తీసి చూశాయి.

మూడో కేసు 1977. ఇది మన ఊళ్ల కథలాగే ఉంటుంది. ఇంగ్లాండ్‌లో డర్హమ్ ప్రాంతంలో లింట్జ్ అనే చిన్న ఊరు. అక్కడ సుమారు 70 ఏళ్లుగా ఒక గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతున్నారు. 1970లలో గ్రౌండ్ పక్క స్థలంలో కొత్త ఇళ్లు వచ్చాయి. ఇక సిక్సులన్నీ ఇళ్ల మీదికే. ఒక కుటుంబం కోర్టుకెళ్లింది. ఎన్ని సిక్సులు కొట్టారు, అందులో ఎన్ని ఇళ్ల వైపు వెళ్లాయి అన్న లెక్కలు కోర్టు ముందుకొచ్చాయి. క్లబ్ ఫెన్సింగ్ పెంచింది, పగలని అద్దాలు పెట్టిస్తాం, తోట మీద నెట్ కట్టిస్తాం అని కూడా అంది. లార్డ్ డెనింగ్ అనే ప్రసిద్ధ జడ్జి పూర్తిగా క్రికెట్ పక్షమే మాట్లాడాడు. ఆట ముందు నుంచీ ఉంది, ఇళ్లే తర్వాత వచ్చాయి అన్నది ఆయన వాదన. కానీ మిగతా ఇద్దరు జడ్జీలు బంతి వచ్చి నష్టం చేస్తే క్లబ్‌దే బాధ్యత అన్నారు. చివరికి తేలిందేంటంటే, ఆట ఆపక్కర్లేదు, కానీ నష్టానికి డబ్బు కట్టాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా అయింది. హైదరాబాద్-విజయవాడ హైవే మీద సూర్యాపేట, కోదాడ ఎలా పెరిగాయో, పక్క జిల్లాలో మిర్యాలగూడ ఎలా పెరిగిందో అక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మేం ఆడిన ఖాళీ జాగాల్లో ఇప్పుడు ప్లాట్ల రాళ్లు, వాటి మీద డాబాలు. మిగిలిన ఒకటి రెండు గ్రౌండ్ల చుట్టూ గోడకి గోడ ఆనుకుని ఇళ్లు. 'మేం ముందు నుంచి ఆడుతున్నాం' అని పిల్లలు, 'మేం లక్షలు పెట్టి కొన్నాం' అని ఇంటివాళ్లు. లింట్జ్ గొడవే, తిట్లు మాత్రం తెలుగులో.

'ఇంగ్లాండ్ తీర్పులు మనకెందుకు అన్నా' అంటారేమో. పరిహారం విషయంలో మన కోర్టులు నడిచే దారి చాలావరకు ఆ తీర్పుల నుంచి వచ్చిందే. క్రిమినల్ చట్టం విషయానికొస్తే, 1860లో వచ్చిన ఇండియన్ పీనల్ కోడ్‌లో 80వ సెక్షన్ అని ఒకటుండేది. దాని కింద ఇచ్చిన ఉదాహరణ నాకు భలే నచ్చింది. ఒకడు గొడ్డలితో పని చేస్తున్నాడు. గొడ్డలి తల ఊడి ఎగిరిపోయి పక్కన నిలబడ్డ మనిషికి తగిలి అతను చనిపోయాడు. పనిచేసేవాడి వైపు జాగ్రత్త లోపం లేకపోతే అది నేరం కాదు.

లోపం లేకపోతే. మొత్తం బరువంతా ఆ రెండు మాటల మీదే ఉంది. మన తాతల్ని అడగండి, గొడ్డలి తల ఊరికే ఊడదు. ముందు కామ వదులవుతుంది, దెబ్బ వేసినప్పుడల్లా కదులుతుంది, చేతికి తెలుస్తుంది. బుద్ధున్నోడు ఆపి, చీల కొట్టి బిగించి మళ్లీ మొదలుపెడతాడు. కదులుతోందని తెలిసి కూడా 'ఇంకో నాలుగు దెబ్బలే కదా' అని కొట్టినోడికి ఆ సెక్షన్ కాపలా ఉండదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇదే సూత్రం 18వ సెక్షన్‌గా ఉంది. నిర్లక్ష్యంగా చేసిన పనివల్ల పక్కవాడికి తీవ్ర గాయమైతే 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. ఆట కాబట్టి మినహాయింపు అని ఎక్కడా రాసి లేదు.

మరి మన దగ్గర గోల్ఫ్ సంగతేంటి? హైదరాబాద్ గోల్కొండ కోటలో నయా ఖిలా అని ఒక భాగం ఉంది. ఔరంగజేబు సైన్యం 1656లో దాడి చేసినప్పుడు కోట బయట ఉన్న ఒక గుట్ట శత్రువుకి అనుకూలంగా మారింది. అందుకే అబ్దుల్లా కుతుబ్ షా తర్వాత ఆ గుట్టని కూడా కలుపుకుని గోడ కట్టించాడు. గుండ్లు ఎటు నుంచి వస్తాయో తెలిశాక కట్టిన గోడ అది. ఇప్పుడు ఆ గోడ లోపల గోల్ఫ్ కోర్స్ ఉంది. అక్కడే హతియాన్ కా ఝాడ్ అనే మహావృక్షం ఉంది, పాత మసీదు ఉంది. కోట చూడ్డానికి వచ్చే మామూలు జనం ఎటు నడవాలి, ఎంతవరకు పోవచ్చు అన్న దాని మీద ఏళ్ల తరబడి గొడవ నడిచింది. నేను అక్కడ నిలబడి ఆలోచించింది ఒక్కటే. మనుషులకి బంతి తగలకుండా ఉండాలంటే రెండే దారులు. బంతిని ఆపాలి, లేదా మనుషుల్ని ఆపాలి. రెండోది చవక. ఒక ఫెన్సింగ్, ఒక బోర్డు చాలు. అందుకే ఎక్కువచోట్ల మనుషుల్నే ఆపుతారు. కానీ ఆ స్థలం మీద నడిచే హక్కు ఎవరిది అన్న ప్రశ్నకి బోర్డు జవాబు చెప్పదు.

ఇంతసేపు బంతి గురించే మాట్లాడాను. బంతే లేని ఆటలో కూడా ఇదే ప్రశ్న వచ్చింది, అది కూడా మన సూర్యాపేటలోనే.

2021 మార్చి 22. 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు సూర్యాపేటలో మొదలయ్యే రోజు. మన జిల్లాకి జాతీయ పోటీలు రావడమంటే మామూలు సంగతా? జనం పోటెత్తారు. ప్రారంభ వేడుకలు జరుగుతుండగా, పోటీల కోసం తాత్కాలికంగా కట్టిన ప్రేక్షకుల గ్యాలరీ జనంతో సహా కూలిపోయింది. వంద మందికి పైగా గాయపడ్డారు. ఫోన్లలో ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక పక్క నుంచి మొదలై మొత్తం అలలాగా పడిపోవడం. కబడ్డీలో ఏదీ ఎగిరి వచ్చి తగలదు. అయినా ఆట చూడ్డానికి వచ్చినవాళ్లు ఆసుపత్రికి పోయారు.

ఆ రోజు ఎవరిది తప్పు అని తేల్చడం నా పని కాదు, అది విచారణ చేసేవాళ్ల పని. కానీ ఇందాకటి లాగ్ ప్రశ్న ఇక్కడ కూడా అడగొచ్చు. ఒక గ్యాలరీ కట్టినప్పుడు అది ఎంతమందిని మోస్తుందన్న అంకె ఒకటి ఉండాలి. ఆ అంకె కాగితం మీద రాసి ఉండాలి. మెట్ల దగ్గర ఒక మనిషి నిలబడి లెక్కపెడుతూ, ఆ అంకె రాగానే 'ఇక చాలన్నా, ఇటు రాకండి' అనాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా, గ్యాలరీ కామ వదులైన గొడ్డలితో సమానమే.

దీనికి దగ్గరగా మన సుప్రీంకోర్టు 1966లో ఒక తీర్పిచ్చింది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో మున్సిపాలిటీకి చెందిన పాత క్లాక్ టవర్ 1951లో కూలి జనం చనిపోయారు. ఆ కట్టడం వయసు సుమారు 80 ఏళ్లు. అలాంటి కట్టడం ఆయుష్షు 40, 45 ఏళ్లేనని ఇంజినీర్ సాక్ష్యం. లోపం ఉన్నట్టు మాకు కనిపించలేదు అన్న వాదనని కోర్టు ఒప్పుకోలేదు. రోడ్డు మీద పోయే జనం పక్కన కట్టడం ఉంచుకున్నప్పుడు, దాన్ని చూసుకోవాల్సిన బాధ్యత కూడా నీదే అంది. టాక్సీ డ్రైవర్ కేసు నుంచి ఒక మెట్టు పైకి వచ్చాం చూడండి. తెలిసి ఊరుకుంటే తప్పు అన్నది మొదటి మెట్టు. తెలుసుకోవాల్సినవాడు తెలుసుకోకపోవడం కూడా తప్పే అన్నది రెండో మెట్టు.

సరే, ఇప్పుడు కోదాడ గోడ దగ్గరికి.

నేను తొమ్మిదో తరగతి. ఎండాకాలం. రోజూ ఆడే టెన్నిస్ బాల్ పగిలిపోయింది. ఒకడు ఇంట్లోంచి కార్క్ బాల్ తెచ్చాడు. 'అరేయ్, మెల్లగ ఆడుదాం, ఏంగాదు' అనుకున్నాం. అంటే, ఏమన్నా కావొచ్చని అందరికీ తెలుసు. నేను బ్యాటింగ్. మూడో బాలో నాలుగో బాలో బ్యాట్ మధ్యలో పడింది. చేతికి ఎంత హాయిగా తగిలిందో ఇప్పటికీ గుర్తుంది. బంతి గాజు పెంకుల గోడ దాటింది. మావాళ్లు 'ఔట్' అని అరిచారు. ఆ అరుపు పూర్తయ్యేలోపు గోడ అవతల నుంచి ఇంకో అరుపు వినిపించింది.

అక్కడ పెద్దమ్మ ఎండు మిరపకాయలకి తొడిమెలు తీస్తూ కూర్చుంది. కనుబొమ్మ మీద తగిలింది. మేం పది మందిమి పది దిక్కులకి ఉరికాం. కొట్టినోడే తేవాలె అన్న రూల్ ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. సాయంత్రానికి ఇంట్లో తెలిసింది. నాన్న కొట్టాడు. పెద్దమ్మ కొడుకు వచ్చి అరిచాడు. అంతలో గల్లీ పెద్దలు చేరి 'పిల్లలాట గదా, కావాలని జేస్తరా, పోనియ్యండి' అని సర్దిచెప్పారు. అయిపోయింది. కంటికి ఒక వేలెడు పైన తగిలింది కాబట్టి మూడు కుట్లతో పోయింది.

'కావాలని జేస్తరా' అన్న మాట నన్ను చాలా ఏళ్లు కాపాడింది. నిజమే, కావాలని చేయలేదు. కానీ ఈ కేసులన్నీ చదివాక నాకు మా రూల్ గుర్తొచ్చింది. డైరెక్ట్‌గా గోడ దాటితే ఔట్. ఈ రూల్ ఎందుకు పెట్టుకున్నాం? బంతి అటు పోతుందని తెలుసు కాబట్టి. ఒకసారి కాదు, వారానికి నాలుగుసార్లు పోయేది. మాంచెస్టర్ క్లబ్‌కి 30 ఏళ్లలో 6 సార్లు అని చెప్పుకోవడానికి ఒక లెక్క ఉంది. మా లెక్క కోర్టుకి పోతే ఐదు నిమిషాల్లో ఓడిపోతాం. మాకు తెలియదని చెప్పడానికి వీల్లేదు, ఎందుకంటే మేమే రూల్ రాసుకున్నాం. ఆ రూల్ కూడా పెద్దమ్మ కోసం రాయలేదు. బంతి పోకూడదని, తిట్లు పడకూడదని రాసుకున్నాం. గోడ అవతల ఒక మనిషి కూర్చుని ఉంటుందన్న ఆలోచన ఆ రూల్‌లో ఎక్కడా లేదు.

మరి ఆడడం మానేయాలా? అక్కర్లేదు. లింట్జ్‌లో ఆట ఆగలేదు. కానీ ఈ వారం మీరు ఆడే చోట కొన్ని పనులు చేయొచ్చు. ఫోన్‌లో నోట్స్ తెరిచి, బంతి ఏ వైపు ఎన్నిసార్లు బయటికి పోయిందో నెల రోజులు రాయండి. ఆ వైపు ఇల్లో, రోడ్డో ఉంటే వికెట్లని తిప్పి పెట్టండి, దీనికి రూపాయి ఖర్చు లేదు. ఇళ్ల మధ్య కార్క్ బాల్ వద్దు. ఆట మొదలుపెట్టే ముందు గోడ అవతలి వాళ్లకి ఒక కేక వేయండి, గోల్ఫ్ వాళ్లలాగా. టోర్నమెంట్ పెడుతుంటే, చందాలు వసూలు చేసేటప్పుడే నెట్‌కీ, ఫస్ట్ ఎయిడ్‌కీ, అద్దాల నష్టానికీ కొంత తీసి పక్కన పెట్టండి. కప్పు రెండు అంగుళాలు చిన్నదైనా ఎవరూ అడగరు. గ్యాలరీ కడుతుంటే, ఎంతమంది ఎక్కొచ్చో అంకె రాసి అందరికీ కనపడేట్టు కట్టండి. మున్సిపాలిటీ గ్రౌండ్ అయితే మీ నోట్స్‌లోని లెక్క తీసుకెళ్లి ఇవ్వండి. 'బంతులు వస్తున్నాయి సార్' అనడం వేరు, 'గత నెలలో రోడ్డు మీద 19 సార్లు పడింది సార్' అని రాసివ్వడం వేరు. కాగితం తీసుకున్నాక, మాకు తెలియదు అని చెప్పే దారి వాళ్లకీ ఉండదు.

మొన్న దసరాకి కోదాడ పోయినప్పుడు పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని సన్నటి గీత ఇంకా ఉంది. 'పెద్దమ్మా, ఆ రోజు కొట్టింది నేనే' అన్నాను. 'నాకెరుకే బిడ్డా' అంది. ఆసుపత్రికి అప్పుడు ఎంతయిందని అడిగితే నవ్వి, చాయ్ పెట్టింది. అంకె మాత్రం చెప్పలేదు. లేచి వచ్చేటప్పుడు అటక మీది నుంచి ఒక పాత డబ్బా దించి నా చేతిలో పెట్టింది. లోపల టెన్నిస్ బాళ్లు, ప్లాస్టిక్ బాళ్లు, అడుగున ఆ కార్క్ బాల్. లెక్కపెట్టాను, 23 ఉన్నాయి.

మేం రాయని లెక్క, ఆమె దాచింది.